గోలు కొట్టని రూతు ఆట చూసొచ్చాను

అమెరికాలో మా ఊరు ఎడిసన్ నుంచి దక్షిణాన ఉన్న క్యారీకి కారులో వెళ్ళొచ్చు. నాకు మాత్రం రైలే ఇష్టం. కారులో కోతలు కోయడానికి మావారొక్కరే దొరుకుతారు. ఆయన నన్ను నమ్మడం మానేసి ఇరవయ్యేళ్ళయింది.

ఎనభై ఏడు అక్టోబరులో ఒక శుక్రవారం ఉదయం పదిన్నరకి, మా ఊరికి దగ్గర్లోని న్యూఆర్క్‌లో రైలెక్కాను. ఒకప్పుడు మా చర్చికి వచ్చే ప్రసాదరావు కూతురు రూతు, కాలేజీ తరఫున ఆఖరి ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడుతోంది. అమెరికాలో ఆడపిల్లలకి జీతమిచ్చి ఆడించే జట్టు లేదు. స్వీడన్ నుంచి ఒక క్లబ్ కోచ్ వస్తోందట, ఒక్కరినే తీసుకెళ్తుందట. రూతుని తీసుకుంటే సరే. లేదంటే చదువవగానే మందుల కంపెనీలో ఉద్యోగం, బూట్లు గరాజ్‌లోకి.

పక్క సీట్లో ఊదారంగు టోపీ పెట్టుకున్న ఒక నల్లజాతి పెద్దావిడ స్వెట్టర్ అల్లుకుంటోంది. మా రూతు మ్యాచ్ చూడ్డానికి వెళ్తున్నానని చెప్పాను.

"మీ అమ్మాయి బాగా ఆడుతుందా?"

"తను కొడితే వల చిరగాల్సిందే. పోయిన మ్యాచ్‌లో మూడు వలలు మార్చారు."

"అయ్యో దేవుడా!" అని ఆవిడ అల్లిక ఆపేసింది. ఇంక నన్నెవరాపుతారు? వాషింగ్టన్ చేరేసరికి వలలు ఏడయ్యాయి. అక్కడ ఇంజను మారుస్తారు, కాసేపు దీపాలారిపోతాయి, కంగారు పడకండి. తిండి మాత్రం ఇంటి నుంచే తెచ్చుకోండి. రైల్లో అమ్మే శాండ్విచ్ కన్నా దాని కాగితమే రుచి.

క్యారీ పక్కనే ఉన్న రాలీలో దిగేసరికి ప్రసాదరావు కారుతో వచ్చాడు. మొహంలో కళ లేదు.

"ఈ సీజన్ మొత్తం రెండే గోల్స్ అక్కా. దీన్నెవరు సెలెక్ట్ చేస్తారు?"

శనివారం ఒంటిగంటకి మ్యాచ్. రూతు మైదానం మధ్యలో ఆడుతుంది. బంతి తన దగ్గరకి రాకముందే తల అటొకసారి, ఇటొకసారి తిప్పి చూస్తోంది. ఈ చూపు నేనెక్కడో చూశాననుకున్నాను. అరగంటకి గుర్తొచ్చింది. మా చర్చి ప్రేమవిందులో పన్నెండేళ్ళ రూతు పప్పుచారు వడ్డించేది. గరిటె మొదటి వరుసలో, కళ్ళు నాలుగో వరుసలో. ఎవరికి ఏం కావాలో వాళ్ళు అడగకముందే ప్లేట్లో పడేది. ఇక్కడా అదే వడ్డన! ఆకలేసిన కాలుకల్లా బంతి అందుతోంది. పక్కవాళ్ళకి కోతలు కోయడం కూడా మరిచిపోయాను. మా ఇంట్లో చెప్తే పండగ చేసుకుంటారు.

రెండు జట్లకీ చెరొక గోలు. ఆఖరి నిమిషం. బంతి రూతు దగ్గర, ఎదురుగా గోల్‌కీపర్ ఒక్కతే. నేను బెంచీ ఎక్కి "కొట్టవే!" అని అరిచాను. రూతు కొట్టలేదు. ఎడమవైపు తల కూడా తిప్పకుండా బంతి అటు తోసింది. అక్కడొక పిల్ల ఉందని నాకప్పుడే తెలిసింది. ఆ పిల్ల గోలు కొట్టింది.

ప్రసాదరావు కూలబడ్డాడు. "అయిపోయింది. చేతికొచ్చిన చాన్స్ వేరేవాళ్ళకి ఇచ్చేసింది."

స్వీడన్ కోచ్ నోట్‌బుక్ పట్టుకుని, గోలు కొట్టిన పిల్లని దాటుకుని, నేరుగా రూతు దగ్గరకొచ్చింది.

"ఎడమవైపు అమ్మాయిని ఎప్పుడు చూశావు?"

"బాల్ నా దగ్గరికి రాకముందే."

ఆవిడ నోట్‌బుక్ మూసేసింది. "డిగ్రీ అవగానే వచ్చెయ్. జీతం, ఉండటానికి ఇల్లు ఇస్తాం."

ప్రసాదరావు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూనే ఉన్నాడు. రూతు నా దగ్గరకొచ్చింది.

"ఆంటీ, నువ్వు కొట్టు అన్నావ్, విన్నా. బట్ జెన్నీ ఖాళీగా ఉంది కదా!"

పులిహోర డబ్బా చేతికిచ్చాను. జట్టంతా తిన్నాక, అడుగున మిగిలిన పల్లీలు తను తింది.

ఆదివారం తిరుగు రైల్లో, దారిలో ఉన్న రాకీమౌంట్‌లో ఆ టోపీ పెద్దావిడే ఎక్కింది. నన్ను చూడగానే వచ్చి పక్కన కూర్చుంది.

"చెప్పు హనీ, ఎన్ని వలలు చిరిగాయి?"

పెంచి చెబుదామనే నోరు తెరిచాను. కానీ నేను చూసినదానికి పైన వేయడానికి ఏమీ దొరకలేదు. అందుకని ఉన్నదున్నట్టు చెప్పాను: ఒక్క వలా చిరగలేదు, రూతు ఒక్క గోలూ కొట్టలేదు, స్వీడన్ వాళ్ళు అంతమందిలో తననే తీసుకెళ్తున్నారు.

ఆవిడ కళ్ళద్దాల పైనుంచి నన్ను చూసింది.

"వలల సంగతి నమ్మాను హనీ. ఇది మాత్రం కోతే!"