పైన నూట ఇరవై తీసేసి రేటు చెప్పు

ఆ రోజుల్లో అంటే తాతలనాటి సంగతేమీ కాదు, నాకు పొట్ట రాకముందు, జుట్టు పోకముందు. (ఆ రెండూ ఒకే ఏడాది జరిగాయి. పెళ్ళి కూడా ఆ ఏడాదే అయింది. దేనికి ఏది కారణమో నేను చెప్పను.) ఆ వయసులో మనిషికి ప్రపంచంలో తనకు తెలియనిది ఏదీ ఉండదు, ఉన్నా ఎదుటివాడికి తెలియనివ్వడు. ఇంజనీరింగ్ ఎలాగో గట్టెక్కి గుంటూరులో ఓ కార్ల షోరూములో సేల్స్ ట్రైనీగా చేరాను. మెడలో టై, జేబులో రెండు పెన్నులు, నోటి నిండా ఇంగ్లీషు. చీరాల పక్క మా ఊళ్ళో మా అమ్మ "మావాడు కార్ల కంపెనీలో ఆఫీసరు" అని చెప్పుకుంది. చెప్పుకుంటే చెప్పుకుంది, నా మొదటి కారు అమ్మకం కోసం ఆదివారం చర్చిలో ప్రార్థన కూడా పెట్టించింది. పాస్టరు గారు జ్వరాలు, పరీక్షలు, ప్రసవాలు వరుసగా ప్రభువుకి విన్నవించి, చివర్న "మన తమ్ముడి చేత ఒక్క కారైనా అమ్మించు తండ్రీ" అనేవారట. వారాలు గడిచాయి. జ్వరాలు తగ్గాయి, ప్రసవాలు సుఖంగా అయ్యాయి, పరీక్షలు కూడా చాలామంది పాసయ్యారు. నా కారు మాత్రం అమ్ముడుపోలేదు.

మా మేనేజరుని మేం చాటుగా టార్గెట్ సార్ అనేవాళ్ళం. ఆయన సిద్ధాంతం ఒకటే, జనం కొనేది కారు కాదు, స్పీడు. "మనవాళ్ళు కారు కొనేది పక్క ఊరి పెళ్ళికి వెళ్ళడానికే. కానీ విమానం కొన్నామని అనుకోవాలి. ఆ అనుకోవడాన్ని అమ్మండి" అనేవాడు. నేను ఆ పాఠం అక్షరం పొల్లుపోకుండా బట్టీపట్టాను. అయినా నా దగ్గర ఎవరూ ఏమీ అనుకోలేదు. చివరికి ఓ రోజు నన్ను అద్దాల గదిలోకి పిలిచి, "నెలాఖరుకి ఒక్కటన్నా అమ్మాలి. లేకపోతే వచ్చే నెల ఆ టై ఇంకొకడి మెడలో ఉంటుంది" అన్నాడు. (టై కంపెనీదే.) ఉద్యోగం పోతుందన్న దిగులు కంటే, ఆ సంగతి మా చర్చిలో మైకులో ప్రార్థనగా వినపడుతుందన్న దిగులే నన్ను ఎక్కువ తిన్నది.

సరిగ్గా నెలాఖరున అద్దంకి దగ్గర పల్లె నుంచి ఓ మిరప రైతూ ఆయన భార్యా వచ్చారు. ఆ ఏడు కాయకి మంచి రేటు పలికింది. మిర్చి యార్డులో సరుకు అమ్ముకుని అటు నుంచి అటే మా షోరూముకి వచ్చేశారు. ఆయన భుజం మీది తువ్వాలు దులిపినప్పుడల్లా ఏసీ గదిలో స్టాఫంతా తుమ్మారు. మా వైపు ఐదు నిమిషాలు మాట్లాడితే ఏదో ఒక వరస కలవాల్సిందే కాబట్టి వాళ్ళు నాకు బాబాయీ, పిన్నీ అయిపోయారు. బాబాయి నేరుగా వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చుని మీటరు దగ్గర మొహం పెట్టాడు.

"ఏమయ్యా, దీంట్లో నూట ఎనభై దాకా అంకెలేశారు. పోయిద్దా?"

"బ్రహ్మాండంగా పోతుంది బాబాయి గారూ."

"నువ్వు పోయి చూశావా?"

నేను టై సర్దుకున్నాను.

"చూడకుండా ఎట్టా చెప్తావయ్యా? యార్డులో బస్తాకి చిల్లు పొడిచి కాయ తీసి చూడందే ఎవడన్నా రేటు కడతాడా? ముల్లు ఆ కొసకి తగిలించి చూపియ్యి, ఇప్పుడే అడ్వాన్సు కడతా."

అప్పటిదాకా సీటు గుడ్డ వేళ్ళతో నలిపి చూస్తున్న పిన్ని తలెత్తింది. "ఆయన మాటకేంగాని బాబూ, మాకు అరవై చాలు. పైన నూట ఇరవై తీసేసి రేటు చెప్పు."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. అలా తీయడానికి ఉండదు పిన్ని గారూ అన్నాను.

"ఎందుకుండదు? తాలు ఏరకుండా తెస్తే మా కాయ కొంటారా మీరు?" అంది. (తాలు అంటే రంగు పోయి తెల్లబడ్డ మిరపకాయ. ఎండలో కల్లంలో కూర్చుని దాన్ని ఏరి ఏరి నడుం పోగొట్టుకునేది ఆడవాళ్ళే, కాబట్టి ఆవిడకి అడిగే హక్కుంది.) "అక్కర్లేనిది ఏరేసి ఇవ్వమంటన్నా, అంతేగా. సరే, ఇది చెప్పు. హైవే మీద ఎంతలో పొమ్మంటారు?"

"వందండి."

"మరి నూట ఎనభై ఎవరికోసం చేశారు?"

నేను టార్గెట్ సార్ వైపు చూశాను. ఆయన సీలింగు వైపు చూశాడు. ఈ మధ్య టీవీలో పెద్దపెద్దవాళ్ళు సూట్లు వేసుకుని కూర్చుని, కొత్త కార్ల వేగానికి కంపెనీవాళ్ళే కళ్ళెం వేసి అమ్మాలా వద్దా అని గొంతులు చించుకుంటుంటే నాకు నవ్వొస్తుంది. ఆ చర్చ గుంటూరులో ఎప్పుడో అయిపోయింది. ఒక పక్క కార్ల కంపెనీ మొత్తం, రెండో పక్క మా పిన్ని. కంపెనీ చిత్తుగా ఓడిపోయింది.

ఓడిపోవడం కంపెనీకి బాగానే ఉంటుంది, టై నాది. నూట ఎనభై పోకపోతే బాబాయి కొనడు, పోతే పిన్ని కొననివ్వదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. టార్గెట్ సార్ తాళం నా చేతిలో పెట్టి, "తీసుకెళ్ళు. ఏం చేస్తావో నాకు తెలీదు, అడ్వాన్సుతో రా" అని చెవిలో చెప్పాడు. బాబాయికి ఉన్నది ట్రాక్టరు లైసెన్సే కాబట్టి నడపాల్సింది నేనే. ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. షోరూములో నూట ఎనభై అని రోజుకి పాతికసార్లు పలికే నేను, అప్పటిదాకా అరవై దాటి ఎరగను.

చిలకలూరిపేట వైపు హైవే ఎక్కాం. బాబాయి నా పక్కన, పిన్ని వెనక సీట్లో మధ్యన కూర్చుని మా ఇద్దరి భుజాల మధ్య నుంచి మీటరు చూస్తోంది. అరవై దగ్గర "చాలు బాబూ, బాగుంది, కొనేద్దాం" అంది. "తొక్కవయ్యా" అన్నాడు బాబాయి. తొక్కాను. ఎనభై దాటగానే కారు టింగుమంది.

"ఏందది?" అంది పిన్ని.

"ఎనభై దాటామని హెచ్చరిస్తోందండి. కంపెనీ వాళ్ళే పెట్టారు."

"అంటే నూట ఎనభై పోయేటట్టు చేసిందీ వాళ్ళే, పోవద్దని అరిచేదీ వాళ్ళేనా? సారా పోసినోడే పక్కన కూర్చుని తాగొద్దురా అని ఏడ్చినట్టుంది."

"ఇంట్లో ఒకరు అరుస్తుంటే చాలదా, బండిలో కూడానా. దాని నోరు నొక్కెయ్యవయ్యా" అన్నాడు బాబాయి.

నోరు నొక్కడం కుదరదన్నాను. నిజానికి అప్పటికి నాకు మాట్లాడటమే కుదరడం లేదు. ఎనభై అయిదు, తొంభై. స్టీరింగు చెమటకి జారుతోంది. ఎడం పక్క కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు చూస్తుండగానే వెనక్కి పోతున్నాయి. ముల్లు తొంభై నాలుగు మీద ఉండగా, ముందు పత్తి బోరేలు (మనిషెత్తు గోనె బస్తాలు) ఎత్తిన లారీ ఒకటి రోడ్డు తనదే అన్నట్టు అటూ ఇటూ ఊగుతూ కనపడింది. నా కుడికాలు నన్నడగకుండానే యాక్సిలరేటరు మీంచి దిగిపోయింది. మెల్లగా బ్రేకు తొక్కి, కారుని ఎడం పక్కకి తెచ్చి, దేవుడా అనుకున్నాను. అయిపోయింది, టై పోయింది, చర్చి ప్రార్థనలో నా పేరు ఇక జ్వరాల పక్కనే.

అప్పుడు పక్కకి చూశాను. బాబాయి కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు. ఒక చేత్తో కిటికీ పైన పిడి, రెండో చేత్తో తువ్వాలు పట్టుకుని, లేని బ్రేకుని రెండు కాళ్ళతో తొక్కుతున్నాడు. ఎప్పటి నుంచి మూసుకున్నాడో ఆ ప్రభువుకే తెలియాలి.

"వచ్చిందా?" అన్నాడు, కళ్ళు తెరవకుండా.

నోరు తెరిచాను. ఏం చెప్పబోయానో నాకు ఈ రోజుకీ తెలియదు. నాకంటే ముందు వెనక నుంచి పిన్ని అందుకుంది. "వచ్చింది, కొసకి తగిలింది. నేను చూశాగా. ఇంక నెమ్మదిగా పోనియ్యి బాబూ."

బాబాయి ఒక కన్ను తెరిచి, రోడ్డు నిదానంగా కదులుతోందని ఖాయం చేసుకుని, రెండోది తెరిచాడు. "నేను చెప్పలా, పోయిద్దని. అసలు పోయినట్టే తెలవలేదు" అన్నాడు. గుంటూరు దాకా నలభైలో వస్తూ, నూట ఎనభైలో స్టీరింగు ఎలా పట్టుకోవాలో నాకు వివరంగా నేర్పాడు. వచ్చీ రాగానే అడ్వాన్సు కట్టాడు. టార్గెట్ సార్ అందరి ముందూ నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ఆ ఆదివారం మా చర్చిలో కృతజ్ఞతా స్తుతి కాస్త గట్టిగానే జరిగిందని విన్నాను.

డెలివరీ రోజున, బాబాయి టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించి కొబ్బరికాయ కొట్టే సందడిలో ఉండగా, నేను పిన్ని పక్కకి చేరి అలా ఎందుకు చెప్పారని అడిగాను.

"ఆయనకి పోవాలని లేదు బాబూ, పోయొచ్చానని చెప్పుకోవాలని. ఇప్పుడు ఊరంతా చెప్పుకుంటన్నాడు. ఇంక పోడు."

"మరి మీరు అరవైకి కట్టేసిన కారు కావాలన్నారుగా. దీన్నెందుకు కొననిచ్చారు?"

పిన్ని నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "ఆ రోజు నీ కాళ్ళు వణకటం చూశా. బండంటే భయం ఉన్నోడి దగ్గరే బండి కొనాల అనుకున్నా" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఎవరూ చూడలేదనుకున్నాను మరి. ఆ వణుకే నా ఉద్యోగం నిలబెట్టిందన్న సంగతి అర్థమయ్యే వయసు కాదది. సాయంత్రం టీ కొట్టు దగ్గర తోటి ట్రైనీలందరినీ పోగేసి, టై వదులు చేసుకుని, నూట ఎనభై మీద పత్తి లారీని ఎలా దాటానో చేతులు తిప్పుతూ చెప్పాను. వాళ్ళు నోళ్ళు తెరిచి విన్నారు. ఇప్పుడు ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే, దగ్గరికి పిలిచి ఓ టీ ఇప్పించి, ఇంకోసారి చెప్పరా, వింటాను అనాలనిపిస్తుంది.