లేడీస్ గాలి

టైరు రిమ్ము మీద జారుతుందని మొదటిసారి విన్నప్పుడు నేను నమ్మలేదు. రెండూ కలిసి ఒకే చక్రంగా తిరుగుతున్నట్టు కళ్లు సాక్ష్యం చెబుతుంటే, దానికి విరుద్ధమైన మాటకు రుజువు కావాలి. భౌతికశాస్త్రం చదువుకుని, బడిలో ఆ పాఠాలే చెప్పుకుంటున్న నాకు రుజువు లేని మాటను ఇంట్లో కూడా ఒప్పుకునే అలవాటు లేదు. అత్తవారింట్లో దానివల్ల నాకు దక్కిన పేరు అంత గొప్పదేమీ కాదు.

ఎనభైల మొదట్లో మేము విశాఖ వన్‌టౌన్‌లో ఉండేవాళ్లం. మావారు పోర్టులో ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి వచ్చారు. ఆయనతో పాటే అత్తగారూ, మరిదీ వచ్చారు. అత్తగారు పొద్దున వేసిన తెల్లటి ముగ్గు సాయంత్రానికి ఇనుప ఖనిజం ధూళి పడి ఎర్రబడేది. నా బడి మిట్ట మీద ఉండేది. వెళ్లేటప్పుడు ఎత్తు, వచ్చేటప్పుడు పల్లం. చీర కుచ్చిళ్లు దోపుకుని లేడీస్ సైకిలు మీద వెళ్తుంటే వీధి కొన్నాళ్లు వింతగా చూసి మానేసింది. అత్తగారు మాత్రం మానలేదు.

ఆ దారిలో ఉన్నంతసేపూ నేను ఎవరికీ కోడలిని కాను, ఎవరికీ టీచరునూ కాను. బస్సులో ఆ వెసులుబాటు ఉండదు. అందుకే ఆ సైకిలంటే నాకు ప్రాణం.

చిక్కంతా వెనక చక్రంతోనే. కొన్నాళ్లు బాగానే నడిచి, ఉన్నట్టుండి ఎత్తు మధ్యలో గాలి మొత్తం దిగిపోయేది. విప్పి చూస్తే మేకు గుచ్చుకున్న జాడ ఉండేది కాదు. ప్రతిసారీ వాల్వు ఒక పక్కకు వాలి, మొదలంటా చిరిగి ఉండేది. నేను సైకిలు నడిపించుకుంటూ ఇంటికి వస్తే మరిది అరుగు మీద నుంచే అందుకునేవాడు. వాడు గోదావరి యాస ఎప్పుడో మరిచిపోయాడు.

"వదినా, సైకిలు నిన్ను మొయ్యాలా, నువ్వు సైకిల్ని మొయ్యాలా? ఏటిది?"

అత్తగారు నవ్వలేదు. "పల్లంలో భయపడి బ్రేకులు నలిపేస్తున్నావమ్మాయ్. అందుకే పోతోంది ట్యూబు. మళ్లీ పోయిందంటే ఆ సైకిలు చిన్నాడికిచ్చెయ్. దువ్వాడలో రైలు దిగి, స్టీలుప్లాంటు కడుతున్న చోటికి అంత దూరం నడుస్తున్నాడు పాపం. నువ్వు బస్సులో వెళ్దువుగాని."

మావారు పేపరు మడతలోంచి తల బయటపెట్టలేదు. అంటే తీర్పు ఖాయమైనట్టే.

ట్యూబు మార్చడానికి మా సందు చివరి సైకిలు షాపుకు వెళ్లాను. షాపు నడిపే సాయిబుగారు తండ్రి కాలం నుంచీ అక్కడే ఉన్నారు. వాలిన వాల్వును చూడగానే, "టైరు నడుస్తందమ్మా" అన్నారు.

"నడిచేది చక్రం కదండీ. టైరు నడవడమేమిటి?"

"సక్రం యేరు, టైరు యేరు. రిమ్ము మీద టైరు దాని దారి అది సూసుకుంటది. ట్యూబేమో టైరుతో పోతానంటది. వాల్వు కన్నంలో ఇరుక్కుపోయి రానంటది. సిరిగిపోక ఏటి సేత్తది?"

రిమ్ముకు గరుకు కాగితం పట్టించి, తుడిచి, కొత్త ట్యూబు వేసి గాలి కొట్టారు. మాట బాగుంది గాని నాకు రుజువు కాలేదు. మర్నాడు బడి నుంచి తెచ్చిన సుద్దముక్కతో వాల్వుకు ఎదురుగా, రిమ్ము అంచు నుంచి టైరు మీదికి ఒకే గీత గీశాను. మిట్ట ఎక్కి, బడి దగ్గర సైకిలు దిగి, వంగి చూశాను.

గీత రెండయింది.

రిమ్ము మీది ముక్క ఒకచోట, టైరు మీది ముక్క గోరంత ఎడంగా మరోచోట ఉన్నాయి. నా బరువంతా మోస్తూ, నా కాళ్ల కిందే, చప్పుడైనా చెయ్యకుండా టైరు తన చోటు వదిలి కదిలింది. గడియారంలో గంటల ముల్లు కదలడాన్ని ఎవరూ చూడరు గాని కదిలిందని అందరికీ తెలుసు. ఇది కదులుతోందని కూడా ఇన్నాళ్లూ నాకు తెలియలేదు.

తరువాత దిక్కు చూశాను. అసలు సంగతి దిక్కులోనే ఉంది. బ్రేకు పట్టినప్పుడు రిమ్ము ఆగుతుంది కాబట్టి టైరు ముందుకు జారాలి. తొక్కినప్పుడు రిమ్మే ముందుకు లాగుతుంది కాబట్టి టైరు వెనకబడాలి. నా గీతలో టైరు మీది ముక్కే వెనకబడింది. సాయంత్రం పల్లంలో కావాలనే వెనక బ్రేకు గట్టిగా పట్టుకుంటూ దిగాను. ఎడం పెరగకపోగా రవ్వంత తగ్గింది.

"నా బ్రేకులు టైరును మళ్లీ దాని చోటికి నెడుతున్నాయండీ" అన్నాను అత్తగారితో.

"అయితే భయం మంచిదంటావా?" అన్నారామె. సైకిలు చిన్నాడికనే మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

రెండు గీతల మధ్య ఎడం రోజురోజుకూ పెరుగుతూ వచ్చింది. వాల్వు మళ్లీ వాలడం మొదలుపెట్టింది. చిరిగేలోపే షాపుకు పరుగెత్తాను. సాయిబుగారు టైరును సర్ది, వాల్వు నిటారుగా నిలిపి, పంపు అందుకున్నారు. నా ముందు వచ్చినాయన సైకిలుకు ఒళ్లంతా ఊపి గాలి కొట్టినవారు, నా సైకిలు దగ్గర కాస్త కొట్టి ఆపేశారు.

"అప్పుడే ఆపేశారేం?"

"ఇది లేడీస్ గాలమ్మా."

"అంటే?"

"ఆడకూతుళ్లు కదా. గట్టిగా కొడితే గుంటకీ గుంటకీ ఎగిరెగిరి పడతాది, నడుం పట్టేత్తది. మెత్తగుండాల. మా అమ్మాయికీ ఇదే గాలి కొట్టీవోణ్ణి."

ఆయన ముఖంలో వెటకారం లేదు, శుద్ధమైన ఆపేక్ష ఉంది. ఇన్నాళ్లూ నా టైరును రిమ్ము మీద నడిపించింది ఆ ఆపేక్షేనని నాకు అప్పుడు అర్థమైంది. గాలి తక్కువైతే రబ్బరుకు ఇనుమును పట్టుకునే బలం ఎక్కడిది?

"మగవాళ్ల గాలి కొట్టండి."

"నడుం నొప్పెడితే నన్ననకూడదు మరి."

"అననండి."

"మీవోరు గొడవకొత్తే?"

"ఆయన పేపరు దించరు లెండి."

పకపకా నవ్వి, పంపు మీద బరువంతా వేశారు. నేను కొత్త గీత గీశాను.

మర్నాడు మొదటి రైలుపట్టా దాటగానే ఆయన మాట నిజమేనని నా నడుము ఒప్పుకుంది. దారిలోని ప్రతి రాయీ నాతో మాట్లాడింది. కానీ మిట్ట మీద దిగి చూస్తే గీత ఒక్కటే. మరునాడూ ఒక్కటే. వానలో తడిసి వెలిస్తే దిద్దుకుని మళ్లీ చూశాను, ఒక్కటే. జిగురు లేదు, మేకు లేదు, కట్టు లేదు. కంటికి కనిపించని గాలి, లోపలి నుంచి నొక్కిపట్టి, రబ్బరునూ ఇనుమునూ ఒకటి చేసింది. గాలికి పీడనం ఉంటుందని పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో! దాని మీద కూర్చుని రోజూ కొండలాంటి మిట్ట ఎక్కుతున్నానన్న ఊహ మాత్రం ఎన్నడూ రాలేదు.

ఒకరోజు పొద్దున అత్తగారు ముగ్గు వేసి, చేతికి అంటిన పిండి దులుపుకుంటూ సైకిలు దగ్గర ఆగారు. గీతల సంగతి ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. వంగి, చూపుడు వేలితో రిమ్ము మీద నుంచి టైరు మీదికి గీతను తడిమి చూశారు. తర్వాత బొటనవేలితో టైరును నొక్కారు. వేలు దిగలేదు.

"రాయిలా ఉందే! లోపల ఉన్నది గాలేనా?"

"గాలేనండీ."

"మనం పీల్చేదే?"

"అదేనండీ."

ఆమె ఇంకోసారి నొక్కి చూశారు. పనికి బయల్దేరుతూ అరుగు మీద బూట్లు తొడుక్కుంటున్న మరిది ఆశగా సైకిలు వైపు చూశాడు.

"నువ్వు నడిచే వెళ్లరా" అన్నారు అత్తగారు.