రోజుకొక్కసారి

బస్తర్‌లో నేను పనిచేసిన ఆసుపత్రి కంప్యూటర్ ఇన్‌చార్జికి, రిపోర్టు కోసం ఎవరొచ్చినా తలెత్తకుండా "కల్ ఆనా", అంటే రేపు రా, అనడం అలవాటు. ఎక్కడో అడవిలోని తర్రెం ఊరి నుంచి జీపుకు వేలాడుతూ వచ్చినవాళ్లకూ అదే మాట.

అసలు సర్వర్‌లోని రక్తపరీక్షల వివరాలను స్టాండ్‌బై సర్వర్ ఎప్పటికప్పుడు కాపీ చేసుకునేది. మధ్యలో లైన్ తెగితే స్టాండ్‌బై ఎంతసేపటికోసారి అసలు సర్వర్‌ను మళ్లీ అడగాలో ఆయనే పెట్టాలి.

"నిమిషానికోసారి పెడదాం సార్," అన్నాను.

"ఏందంత తొందర? రోజుకొక్కసారి అడిగితే చాల్లే."

మనుషులను తిప్పించుకోవడం చాలక మిషన్‌కీ అదే నేర్పాడు.

ఒక పొద్దున వానకు లైన్ తెగి, పావుగంటలో బాగైంది. స్టాండ్‌బై మాత్రం బుద్ధిగా మర్నాటి కోసం కూర్చుంది. సాయంత్రం అసలు సర్వర్ కాలిపోయింది. ఆ రోజు పరీక్షల వివరాలన్నీ పోయాయి. సూది గుచ్చిన చేతులనే జనం మళ్లీ చాపారు.

విచారణకు ఆయన ఇచ్చిన జవాబును నేనే టైపు చేశాను: "తప్పు స్టాండ్‌బైది. అది సమయానికి అడగలేదు."