పండుగొప్పల పస్తు, పెద్దమ్మ మర్యాద

ఆ రోజుల్లో ఉద్యోగమంటే, టెంపరరీదైనా సరే, మా ఇంట్లో కలెక్టరు పదవితో సమానం. కాకినాడ అవతల సముద్రపొడ్డున, ఉప్పునీటి చేపల్ని పెంచే పద్ధతులు కనిపెట్టే పరిశోధన కేంద్రంలో నాకు పని దొరికింది. చేపలకి మేతెయ్యడానికి ఎమ్మెస్సీ ఎందుకురా అని మా నాన్న వెక్కిరించారు. (మా ఊరు మండపేటంతా తిరిగి చెప్పుకున్నదీ ఆయనే.) తొట్లలో పెంచిన పండుగొప్ప పిల్లల్ని ఆ ఏడు మొదటిసారి సముద్రంలో కట్టిన వల పంజరంలోకి మార్చాలి. అవి బతికితే నా ఉద్యోగం పొడిగిస్తారు. చస్తే నేను మావయ్య రైసుమిల్లులో గుమాస్తాని. తరలించే ముందురోజు వాటికి మేత వెయ్యకూడదు. కడుపు నిండా తిన్న చేపల్ని డ్రముల్లో పోస్తే, నీళ్ళు పాడైపోయి, ఊపిరాడక చస్తాయి.

సరిగ్గా ఆ పస్తు రోజునే మా పెద్దమ్మ నన్ను చూడ్డానికి దిగింది. నేను ఆక్సిజన్ సిలిండర్లు తేవడానికి వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చేసరికి, ఖాళీ మేత బకెట్టు పక్కన పెట్టుకుని తొట్టి గట్టుమీద తృప్తిగా కూర్చునుంది.

"పాపం, నన్ను చూడగానే నోళ్ళు తెరుచుకుని వచ్చేశాయిరా. పొద్దున్నే ప్రయాణమటగా, ఖాళీ కడుపుతో ఎవర్నైనా పంపుతామేంటి?" అంది.

మా గోదావరోళ్ళ మర్యాద మనుషులతో ఆగదని అప్పుడే తెలిసింది.

మా సైంటిస్టు గారి దగ్గరికి (కోపం ఎక్కువయ్యేకొద్దీ మర్యాదా ఎక్కువయ్యే మనిషి) వెళ్ళాను. నేను నోరు తెరిచేలోపే, నా కంగారు చూసి వెనకే వచ్చిన పెద్దమ్మ, తప్పు నాదే బాబూ, పిల్లాడి ఉద్యోగం తియ్యకండని బతిమాలి, అదే ఊపులో భోంచేశారా అని కూడా అడిగేసింది. ఆయన నావైపు తిరిగి చేతులు జోడించారు.

"ప్రయాణం ఎల్లుండికి మారుద్దామండి. రేపు మళ్ళీ పస్తే. ఈలోగా తమరు దయచేసి పెద్దమ్మగారిని బస్సెక్కించండి," అన్నారు.

ఎక్కించాను. అలిగి, బస్సు కదిలేదాకా నాతో మాట్లాడలేదు మహాతల్లి.

మూడోనాడు సముద్రం మీద, డ్రముల్లోని చేపల్ని వలలోకి వదిలాం. కాసేపు ఎటూ కదల్లేదు. అంతలో ఒకటి తోక విదిల్చింది, దాని వెనకే మిగతావన్నీ జివ్వున లోతుకి పోయాయి. ఒక్కటీ తేలలేదు. హమ్మయ్య అనుకుని పడవలోనే కూలబడి ఏడ్చేశాను. సైంటిస్టు గారు చూడనట్టు అటు తిరిగారు.

ఒడ్డుకొచ్చి ఎస్టీడీ బూత్ నుంచి పెద్దమ్మకి ఫోన్ చేసి, అన్నీ బతికాయని చెప్పాను.

"బతకవూ మరి? పెట్టి పంపానుగా," అంది.

ఆ వయసులో నాకు సైన్సంటే వల్లమాలిన పట్టుదల. మీటరు తిరుగుతుంటే ఆవిడతో వాదించాను, పైగా ఓడిపోయాను. ఇప్పుడైతేనా, నిజమే పెద్దమ్మా అనేసి, ఇంకాసేపు ఆవిడ మాటలే వింటూ కూర్చుందును.