కళుగుమలై కొండ మీద తీసిన ఫొటో

కోవిడ్ తర్వాత హోటళ్లు మళ్లీ తెరుచుకున్న ఏడాది నన్ను తమిళనాడులోని కోవిల్‌పట్టి నడిబొడ్డున ఉన్న ఒక హోటల్‌కు ఫ్రంట్ ఆఫీస్ మేనేజర్‌గా వేశారు. గదుల కేటాయింపుతో పాటు ట్రావెల్ డెస్క్ కూడా నా కిందే ఉండేది. చుట్టుపక్కల ఏం చూడాలని అతిథులు అడిగితే మా మొదటి జవాబు కళుగుమలై. కొండను తొలిచి చెక్కిన గుడి, బండ మీద జైన శిల్పాలు, గంటలోపు ప్రయాణం.

ఆ రోజు విజయవాడ దంపతులను మా డ్రైవర్ గురుసామి తీసుకెళ్లాడు. అతనిది ఆ చుట్టుపక్కలే ఉన్న ఏళాయిరంపన్నై అనే ఊరు, ఇంట్లో తెలుగే మాట్లాడతారు. తెలుగు అతిథులు వస్తే కారు అతనికే ఇచ్చేవాణ్ణి. అతని తెలుగు మా తాతల నాటి తెలుగులా ఉండేది, వింటుంటే నాకు ముచ్చటేసేది.

వాళ్లు శిల్పాల దగ్గర ఉండగా దూరంగా పెద్ద చప్పుడైంది, తెల్లటి పొగ లేచింది. అతిథి కొండా పొగా కలిసొచ్చేలా ఫొటో తీసి, వెంటనే మా హోటల్ వాట్సాప్‌కు పంపి, అక్కడేం ఉత్సవమని గురుసామిని అడిగారట.

"ఉత్సవం గాదయ్యా, పట్టాసు కంపెనీ. మా ఇంటామె ఆడనే పని చేస్తాది" అన్నాడట.

అతిథులను దారిలో వదిలి డ్రైవర్ పోకూడదన్నది మా నియమం. అందుకని నాకు ఫోన్ చేశాడు. "వేరే బండి పంపండి సార్. మా ఇంటామె పాపమ్మ పోను మోగతానే ఉండాది, ఎత్తలేదు."

పట్టాసు, అంటే బాణసంచా, కంపెనీలో ఫోన్లు గేటు దగ్గరే పెట్టి లోపలికి పోవాలి. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. నేను బండి వెతికేలోపే ఆ దంపతులు మీ ఊరికే పోనియ్యమని అదే కారులో అతనితో వెళ్లారు. సాయంత్రం ఆసుపత్రిలో గాజులు చూసి భార్యను గుర్తుపట్టాడు.

కర్మలయ్యాక అతను డ్యూటీకి వచ్చేసరికి కళుగుమలై ట్రిప్పుల ప్రచారానికని ఆ ఫొటో పెద్దదై రిసెప్షన్ గోడకెక్కింది. గోడ మీంచి దింపించమని యజమానికి చెప్పాను. ఆ పొగ మబ్బులాగే ఉంది, ఎవరికి తెలుస్తుందన్నాడు. నాకు ఒళ్లు మండింది, గట్టిగానే మాట్లాడాను. ఫొటో మాత్రం కదల్లేదు. గురుసామి కారు తాళాల కోసం ముందు గుమ్మం మాని వంటింటి వైపు నుంచి రావడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత కళుగుమలై ట్రిప్పు వేసే ముందు, ఇంట్లోవాళ్లెవరైనా బాణసంచా పనిలో ఉన్నారా అని ప్రతి డ్రైవర్నీ అడగడం నేర్చుకున్నాను. ఉన్నారన్నవాళ్లే ఎక్కువ. అయినా బండి పంపక తప్పేది కాదు.