మెల్లిగా రమ్మన్నారు

మాస్టారు పోయారన్న సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. వెళ్లి చూసి తెలుసుకున్నాను.

మొన్న వైశాఖంలో ఒక మంగళవారం పొద్దున్న, నేను క్లినిక్‌కి బయల్దేరుతుండగా ఆయన ఎదురింట్లో ఉండే, నేను తమ్ముడూ అని పిలిచే అతను ఫోన్ చేశాడు. రొయ్యల చెరువులు చూసుకునే మనిషి, మాస్టారింట్లో ఏ అవసరం వచ్చినా ముందు కనిపించేవాడు. "మేడంగారూ, మాస్టారికి కొంచెం బాగోలేదండి. కంగారు పడేదేం లేదండి. మీ పని చూసుకుని మెల్లిగా రండి" అన్నాడు. మాట్లాడుతున్నారా అని అడిగాను. "ఆయ్, మీరు రండి, చూద్దురుగాని" అన్నాడు. అప్పటికి ఆయన పోయి మూడు గంటలు దాటింది.

మా వైపు పుట్టినవాళ్లకి ఈ భాష ఎవరూ వేరే నేర్పనక్కర్లేదు. చావు కబురు చావు కబురులా రాదు. బాగోలేదంటారు, ఒకసారి చూసి వెళ్లమంటారు, మెల్లిగా రమ్మంటారు. దారిలో మనసు దానంతట అది సర్దుకుంటుందని నమ్మకం. మా నాన్న పోయినప్పుడు నాకూ అలాగే చెప్పారు, మిగతా చుట్టాలకి నేనూ అలాగే చెప్పాను. అలాంటిదాన్ని ఆ పొద్దున్న ఆ మాటల్ని ఉన్నవి ఉన్నట్టు నమ్మాను. అలసిపోయి ఉన్నాను, అంతకంటే గొప్ప కారణం లేదు. క్లినిక్‌లో ఏడుగురు నా కోసం కూర్చుని ఉన్నారు. మాస్టారికి బాగోకపోవడం కొత్తా కాదు. కంగారు లేదన్న మాట ఆ పూట నాకు అవసరం, అందుకని తీసుకున్నాను. ఏడుగురినీ చూసి, అన్నం తిని, మధ్యాహ్నం బయల్దేరాను. మాస్టారు తన జీవితంలో నన్ను అడిగిన ఒకే ఒక్క పని ఆ గంటల్లో చెడిపోయింది.

నేను అమలాపురంలో ఒక నరాల డాక్టరుగారి దగ్గర ఈఈజీ మిషను చూసుకుంటాను. తలకి తీగలు అంటించి, లోపల మెదడు గీసే గీతల్ని కంప్యూటరు మీదకి తెప్పించే పని. దానికి తోడు ఇంకో పని ఉంది. దూరపు నగరంలో ఒక పరిశోధన సంస్థ వణుకుడు జబ్బు మీద, అంటే పార్కిన్సన్స్ మీద, చాలా ఏళ్లుగా పని చేస్తోంది. మా డాక్టరుగారు వాళ్లకి సాయం చేస్తారు. జబ్బున్నవాళ్ల ఇళ్లకి ఆరు నెలలకోసారి వెళ్లి, కుర్చీలోంచి ఎంతసేపటికి లేచారు, ఎన్ని అడుగులు వేశారు, మూడు మాటలు చెప్తే ఎన్ని గుర్తుపెట్టుకున్నారు అని రాసి పంపాలి. ఆ రాత నాది. ఈ పనిలో ఏ కాగితం మీదా పోయినసారి కంటే బాగున్నారు అని రాయడం పడదు. వెళ్లిన ప్రతి గుమ్మం దగ్గరా ఈసారైనా బాగున్నానని రాయమ్మా అన్నట్టు చూస్తారు. ఏళ్ల తరబడి ఆ చూపులు మోస్తే స్కూటీ నడపడానికి కూడా ఒళ్లు బరువు అనిపిస్తుంది.

ఈ పనిలోకి నేను రావడానికి మాస్టారే కారణం. జూనియర్ కాలేజీలో మాకు జంతుశాస్త్రం చెప్పేవారు. ఐ.పోలవరం దగ్గర చేపల వేటకెళ్లే కుటుంబంలో పుట్టి, వాళ్లింట్లో మొదట చదువుకున్న మనిషి. ఆయన ప్రాక్టికల్ క్లాసుకి వస్తే గదంతా చేపల మార్కెట్ వాసన. పండుగప్ప చేప తలకాయ బల్ల మీద పెట్టి, చిన్న కత్తెరతో ఎముక పొరలు పొరలుగా తీసి, సెనగగింజల్లా నాలుగు ముక్కలు చూపించి "ఇదమ్మా దీని తెలివితేటలన్నీ" అనేవారు. తరవాత మేక మెదడు. అది అరిటాకులో చుట్టి తెచ్చేవారు. మేం ముక్కు మూసుకుంటే కోప్పడేవారు కాదు, మా ముక్కులు వదిలేదాకా ఊరుకునేవారు. పరీక్ష పేపర్లు దిద్దడంలో ఆయనకో పద్ధతి ఉండేది. తెలియదు అని రాసినవాళ్లకి సగం మార్కులు వేసేవారు, ఊహించి పేజీలు నింపినవాళ్లకి సున్న. దాంతో సగం క్లాసు తెలియదు అని రాసి పాసయ్యేది. ప్రిన్సిపాలుగారు పిలిచి అడిగితే "నిజం రాసేరండి, మార్కులెయ్యొద్దా" అన్నారట.

రిటైరయిన కొన్నేళ్లకి ఒకరోజు క్లినిక్‌లో వరసలో కూర్చుని కనిపించారు. కుడిచెయ్యి వణుకుతోంది. దాన్ని ఎడమచేత్తో పట్టుకుని ఒళ్లో పెట్టుకున్నారు. అప్పటికే ఇద్దరు డాక్టర్లకి చూపించుకున్నారు, ఇద్దరూ నరాల వీక్‌నెస్ అన్నారు. మా డాక్టరుగారు ఆయన్ని పరీక్ష చేసి, అమ్మగారిని పక్కకి పిలిచి అసలు సంగతి చెప్పి, ఆయనతో మాత్రం "వయసండి, నరాలు కొంచెం నీరసించేయండి" అన్నారు. మాస్టారి భార్యని మేం అమ్మగారనే అంటాం. బయటికొచ్చాక ఆవిడ చెరుకురసం తాగుదాం రమ్మన్నారు. ఆయన కదల్లేదు. నా బల్ల దగ్గరికొచ్చారు.

"నీ కాయితంలో ఏవని రాసేరమ్మా?"

"నరాల బలహీనతనండి, మాస్టారూ."

"నేను నీకు పాఠం అలాగే చెప్పేనా?"

మళ్లీ అబద్ధం ఆడడానికి నాకు నోరు రాలేదు. కాగితం తిప్పి ఆయనకి చూపించాను. కళ్లజోడు సర్దుకుని పేరు చదువుకున్నారు. "ఇంతేనా" అన్నారు. కాసేపు వీధిలోకి చూసి, "పేరు చెప్పకపోతే రెండు మందులు వాడాలమ్మా. ఒకటి జబ్బుకి, ఇంకోటి భయానికి. ఇప్పుడొకటి తగ్గింది" అన్నారు. ఆ రోజు అమ్మగారు నా మీద కోపగించుకున్నారు. తరవాత చాలాకాలం వాళ్లింటికి వెళ్తే కాఫీ ఇచ్చేవారు గానీ కూర్చోమనేవారు కాదు.

నన్ను కూర్చోబెట్టింది ముగ్గు. జబ్బు ముదిరాక మాస్టారికి నడుస్తూ నడుస్తూ కాళ్లు నేలకి అతుక్కుపోయేవి. గుమ్మం దగ్గరైతే మరీను. వెనక నుంచి తోస్తే పడిపోతారు, లాగితే కోపం. ఇంట్లో అడుగు పడని మనిషి వాకిట్లోకి వచ్చాక చక్కగా నడుస్తున్నారని అమ్మగారు కనిపెట్టారు. ముగ్గు తొక్కకూడదని చిన్నప్పటి అలవాటు కదా, గీత కనబడగానే ఆయన కాలు ఎత్తి అవతల వేస్తున్నారు. ఆవిడ ఎవరినీ అడగలేదు. మాస్టారి సుద్దముక్క తీసుకుని మంచం దగ్గర్నుంచి వీధరుగు దాకా అడుగుకో గీత గీసేశారు. నేను వెళ్లేసరికి ఆయన ఆ గీతలు ఒక్కొక్కటే దాటుకుంటూ ఎదురొచ్చారు. అంత సంతోషంగా ఆయన్ని నేను కాలేజీలో కూడా చూడలేదు.

"చూసేవా అమ్మాయ్, అలవాటు నడకని మెదడు అడుగునున్న ముద్దలు చూసుకుంటాయి. నాకు చెడినవి అవి. చూసి దాటాలంటే పై పొర కలగజేసుకుంటుంది. ఆవిడ దారి మళ్లించేసింది" అన్నారు. "నీ కాయితంలో దీనికి గడి ఎక్కడుంది?"

గడి లేదు. పక్కన ఖాళీలో రాసి పంపాను. ఇది మాకు తెలిసిన విషయమే, నేల మీద పట్టీలు అంటించి చాలా చోట్ల చేస్తున్నారు అని సంస్థ నుంచి మర్యాదగా జవాబొచ్చింది. మాస్టారు కొంచెం చిన్నబుచ్చుకున్నారు. తరవాత "పోనీలే. వాళ్లు ఒకరి దగ్గర నేర్చుకున్నారు, ఈవిడకెవరూ చెప్పలేదు" అని తనే తేరుకున్నారు. అమ్మగారు ఆ మాట లోపల్నుంచి విన్నారు. ఆ రోజు నాకు కుర్చీ వేశారు, పులసల కాలం కాదుగానీ ఉన్న చేపతోనే పులుసు పెట్టి అన్నం కూడా పెట్టారు.

పోయినేడు వానల్లో మాస్టారు ఆ ఒక్క పనీ అడిగారు. అప్పటికి గొంతు బాగా తగ్గిపోయింది, దగ్గరగా వంగితే తప్ప వినబడేది కాదు. "ముప్పయ్యేళ్లు చేప బుర్ర చూపించేను, మేక బుర్ర చూపించేను. మనిషిది కూడా ఇంచుమించు ఇదేనని చెప్పేను. ఇంచుమించు అంటే ఎంతో నాకే తెలీదు. నాది తీసి చూడమనమ్మా వాళ్లని" అన్నారు. సంస్థవాళ్లు మెదళ్లు తీసుకుంటారు. బతికుండగా రాసిన కాగితాలూ పోయాక మెదడూ పక్కపక్కన పెట్టి చూస్తేనే జబ్బు ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. అలా రెండూ దొరికేది చాలా తక్కువ. ఫారం తెప్పించాను. ఆయన సంతకం పెట్టడానికి చాలాసేపు పట్టింది, అక్షరాలు పోనుపోను చీమల్లా అయిపోయాయి. సాక్షి సంతకం నాది. అమ్మగారిని అడిగితే "ఆయన తల ఆయనిష్టం. ఆ తల నా మాట ఎప్పుడు విన్నాది గనక" అన్నారు.

అసలు తప్పు అక్కడ నేను చేశాను. మనిషి పోగానే చల్లటి పెట్టెలో పెట్టాలి, నాకు చెప్తే నేను సంస్థకి చెప్తాను, వాళ్లు ఆసుపత్రిలో ఏర్పాటు చేస్తారు, గంటలు ముఖ్యం, ఎండాకాలమైతే మరీ ముఖ్యం. ఇదంతా నాకు తెలుసు. ఆవిడ మొహం చూస్తూ మాస్టారు పోతే అని అనలేకపోయాను. "ఏదైనా తేడాగా ఉంటే వెంటనే ఫోన్ చేయించండి" అన్నాను. మిగతాది అప్పుడు చూసుకోవచ్చనుకున్నాను. ఆవిడ "ఆయ్, అలాగే" అన్నారు. అన్నట్టే, పొద్దున్నే ఫోన్ చేయించారు కూడా.

నేను వెళ్లేసరికి వాకిట్లో షామియానా వేసి ఉంది. స్కూటీ ఆపకముందే అర్థమైంది. ఎదురింటి తమ్ముడు ఎదురొచ్చి బండి తీసుకున్నాడు, నా మొహంలోకి చూడలేదు. వరండాలో చల్లటి అద్దాల పెట్టెలో మాస్టారు. పెళ్లిళ్ల రోజులు, బండి దొరక్క పెట్టె పదకొండింటికి గానీ రాలేదట. అప్పటిదాకా మంచం మీదే ఉంచారు. పెరట్లోకి వెళ్లి సంస్థకి ఫోన్ చేశాను. అవతల ఒక అమ్మాయి చాలా నెమ్మదిగా వివరాలు అడిగి, పెద్దవాళ్లని కనుక్కుని మళ్లీ లైనులోకి వచ్చింది. ఆ వేడిలో అంతసేపు ఉన్నాక పరిశోధనకి పనికిరాదని, క్షమించమని చెప్పింది. ఆ అమ్మాయి చేసిన తప్పేం లేదు. కొబ్బరిచెట్టుకి ఆనుకుని కాసేపు అలాగే ఉండిపోయాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు, ఉన్న ఓపిక కూడా అయిపోయింది.

అమ్మగారు నన్ను వెతుక్కుంటూ పెరట్లోకి వచ్చారు. "ఫోన్ చేసేవా? ఎప్పుడొస్తారంట?"

"రారండి. ఆలస్యం అయిపోయిందంట. ఇంక పనికిరాదన్నారండి."

ఆవిడ నా పక్కనే చెట్టుకి చెయ్యి ఆనించారు. తరవాత, "వాడికి అలా చెప్పమన్నది నేనేనమ్మా. కాలవగట్టు మీద బండేసుకుని రావాలి నువ్వు. ఏడుస్తా నడుపుతావని భయమేసింది. నువ్వొస్తే అంతా నువ్వే చూసుకుంటావనుకున్నాను" అన్నారు. ఆయన కోరిక పోయింది నా క్షేమం కోసం. దీన్ని ఏ కాగితంలో ఏ గడిలో రాయను? ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. మేమిద్దరం కలిసి ఆయన్ని ఓడించాం, అది మాత్రం నిజం.

వాళ్లకి ఒక్కతే కూతురు. మస్కట్‌లో ఒక ఇంట్లో మంచం పట్టిన పెద్దావిడని చూసుకునే పనిలో ఉంది. ఆ అమ్మాయి కోసమే దహనం మర్నాటికి ఆపారు. సాయంత్రం నాలుగు దాటాక విమానాశ్రయం నుంచి ఫోన్ చేసింది. వాకిట్లో మాటలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఎదురింటి తమ్ముడే తీశాడు. "ఉన్నారమ్మా, ఉన్నారు. నువ్వు కంగారు పడకుండా రా. ఇదుగో, మేడంగారు ఉన్నారు" అని వేడిగిన్నె అందించినట్టు ఫోన్ నా చేతికిచ్చేశాడు.

"అక్కా, మీరొచ్చేరా. నాన్నగారికెలా ఉందక్కా?"

అమ్మగారి వైపు చూశాను. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపారు. ఒక్కత్తీ ఉంది, విమానం ఎక్కాలి, వద్దు. అక్కడున్న అందరి కళ్లూ అదే అన్నాయి. కొంచెం అనే మాట నా నాలుక చివరికి వచ్చేసింది కూడా.

"పోయేరమ్మా" అన్నాను. "తెల్లవారుజామున నాలుగున్నరకి. నిద్దట్లోనే."

అవతల ఏదో విమానం గురించి అరబ్బీలో చెప్తున్నారు. అది పూర్తయ్యాక ఆ అమ్మాయి గొంతు వినబడింది.

"తెలుసక్కా" అంది. "పొద్దున్న మెల్లిగా రమ్మన్నప్పుడే తెలిసింది. కానీ ఎవరూ అనలేదు కదా. అనకుండా ఎలా ఏడుస్తాను? బట్టలు సర్దుకున్నాను, అందరికీ మా నాన్నగారికి బాగోలేదనే చెప్పేను. ఇప్పుడు ఏడుస్తానక్కా. ఫోన్ పెట్టెయ్యకండి."

"పెట్టనమ్మా" అన్నాను.

అమ్మగారు లేచి వచ్చి నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నారు. చెవికి ఆనించుకుని, మాస్టారి పెట్టె పక్కన నేల మీద కూర్చున్నారు. విమానం ఎక్కమని పిలిచేదాకా తల్లీకూతుళ్లు ఒక్క మాట కూడా అనుకోలేదు. ఇక్కడి ఏడుపు అక్కడికీ, అక్కడి ఏడుపు ఇక్కడికీ వినబడుతూనే ఉంది.