బాల్కనీ రెండో వరుస నుంచి తీసిన ప్రింటు

మంచిర్యాలలో ఆ ప్రతీకారం సినిమా దొంగ ప్రింటు తీసింది థియేటర్ ఆపరేటర్ కాదు, నేను. ఆయన్ను జనం కొడుతున్నప్పుడే ఈ మాట చెప్పవలసింది. చెప్పలేదు. ఆ తర్వాత చెప్పే అవకాశాలు చాలా వచ్చాయి. వాటినీ వదిలేశాను.

అప్పట్లో నేను పెళ్లిళ్లకు వీడియో తీసేవాణ్ని. ఇంటింటికీ సీడీ ప్లేయర్లు వచ్చిన కాలం అది. కరీంనగర్‌లో సినిమా సీడీలు కిరాయికిచ్చే ఒకాయన నా పెళ్లి వీడియోలను డిస్కుల్లోకి ఎక్కించి పెట్టేవాడు. సినిమా విడుదల కాగానే ఆయన నన్ను పిలిచి, మీ ఊళ్లో ఆడుతోంది కదా, ఒక్క ఆట తీసుకొచ్చి పెట్టు, నీ డిస్కుల పని ఇక ఎప్పుడూ ఆగదు అన్నాడు. ఆలోచించుకుంటానని కూడా అనలేదు నేను. మార్నింగ్ షోకు బాల్కనీ టికెట్ కొని, చిన్న కెమెరాను తువ్వాలలో చుట్టుకుని వెళ్లాను. రెండో వరుసలో కూర్చుని, ఒళ్లో సంచి పెట్టుకుని, దాని మీద కెమెరా ఆనించాను.

కథ చెప్పడానికి ఏమీ లేదు. హీరో భార్యను కొందరు చెరిచి చంపుతారు. పోలీసులు పట్టించుకోరు, కోర్టు వదిలేస్తుంది. హీరో ఒక్కొక్కణ్ని వెతికి నరుకుతాడు. ఒక్కొక్కడు చచ్చినప్పుడల్లా హాలంతా లేచి ఊగిపోయింది. ఆ భార్యకు కథలో ఉన్న పని ఒకటే, నాశనమై చచ్చిపోవడం. బయటికొచ్చేసరికి ఆమె పేరేమిటో నాకే గుర్తు లేదు.

డిస్కు చేతికొచ్చాక చూశాను. బొమ్మ ఒక పక్కకి ఒరిగిపోయింది. రంగులన్నీ బురదనీళ్లలో ముంచి తీసినట్టున్నాయి. రక్తం తారులా నల్లగా ఉంది. నా ముందు కూర్చున్నాయన తల కింద మూలన నల్లటి ముద్దలా కదులుతూ ఉంటుంది, ఇంటర్వెల్ దగ్గర లేచి తెరనంతా కప్పేస్తుంది. మాటల మీద దగ్గులు, పల్లీల పొట్లాల చప్పుడు. చెరిచే సీనులో ఏడుస్తున్న ఆమె మొహం బొమ్మంతా నిండిపోయింది, ఎవడో ఈల వేశాడు, అది కూడా ఎక్కింది. అయినా జనం ఎగబడ్డారు. ఆ సీను మొదటి డిస్కులో ఉందా రెండో దాంట్లో ఉందా అని అడిగి మరీ పట్టుకుపోతున్నారని దుకాణమాయన నవ్వుతూ చెప్పాడు. నేనూ నవ్వాను.

వారం తిరక్కముందే హీరో అభిమాన సంఘం వాళ్లకు సంగతి తెలిసింది. మా వైపు అభిమానులకు అదొక ఆనవాయితీ. పైరసీ డిస్కు దొరికితే పోలీసులకు చెప్పరు. వాళ్లే గుంపుగా దుకాణాల మీద పడి, డిస్కులన్నీ రోడ్డు మీద కుప్ప పోసి తొక్కుతారు. అదంతా వీడియో తీయించి హైదరాబాద్‌లో హీరో మనుషులకు పంపుతారు. ఆ వీడియోకు నన్నే పిలిచారు. వెళ్లకపోతే అనుమానం వస్తుందని వెళ్లాను. సినిమా దొంగిలించిన కెమెరాతోనే వెళ్లాను.

స్టేషన్ రోడ్డులో డిస్కులు తొక్కడం అయ్యాక గుంపు థియేటర్ మీదికి మళ్లింది. ఈ ప్రింటు మన హాల్లోనే తీశారని, ఆపరేటర్‌కు తెలియకుండా అది బయటికి రాదని ఎవరో అన్నారు. అది చాలింది. ఊరంతా కాకా అని పిలిచే మనిషిని ప్రొజెక్టర్ గదిలోంచి లాక్కొచ్చి హీరో కటౌట్ ముందు నిలబెట్టారు.

"కాకా, ఇజ్జత్‌గ చెప్పు. నీ రూముల ఎవన్ని కూసోబెట్టినవ్?" అన్నాడు సంఘం నాయకుడు.

"నా రూముల నేను తప్ప ఎవ్వలు లేరు బిడ్డా. రీళ్లు మార్చుకునుడుకే నాకు టైం సాలది."

"మరి రీలే నడుసుకుంట పొయ్యి డిస్కుల కూసున్నదా?" అని వెనక నుంచి ఒకడు. అందరూ నవ్వారు. నవ్వు ఆగకముందే మొదటి దెబ్బ పడింది.

వాళ్లలో ఒక్కడైనా ఆ డిస్కును సరిగ్గా చూసి ఉంటే చాలు. ఆ నల్లటి తల ఆపరేటర్ కిటికీలోంచి కనిపించేది కాదు. అది సీట్లలో కూర్చున్నవాడు తీసిన ప్రింటని చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. నాకు తెలుసు. నేను కంటికి కెమెరా ఆనించుకుని నిలబడ్డాను. చెవులు పట్టించి గుంజీలు తీయించారు. ఒకడు నా భుజం తట్టి, "అన్నా, మొఖం దగ్గరికి తియ్" అన్నాడు. తీశాను.

థియేటర్ యజమాని కాకను పనిలోంచి తీసేశాడు. కాక భార్యను వెంటబెట్టుకుని ఆసిఫాబాద్‌లో బావమరిది దగ్గరికి వెళ్లిపోయాడని విన్నాను.

ఇన్నేళ్లూ నన్ను నేను ఒక మాటతో కాపాడుకున్నాను. దొంగతనం నాదే, కానీ రోత మాత్రం ఆ సినిమా తీసినవాళ్లది అనుకునేవాణ్ని. ఆడమనిషి ఏడుపును అంత దగ్గరగా చూపించినవాడు మనిషేనా అని నలుగురిలో తిట్టేవాణ్ని కూడా.

పోయిన వానాకాలం అదే సినిమాను శుభ్రం చేసి, కొత్త ప్రింటని ఇంటర్నెట్‌లో పెట్టారు. మధ్యాహ్నం ఒక్కణ్నే కూర్చుని చూశాను. అద్దంలా ఉంది. తారులా ఉన్న రక్తం ఇప్పుడు ఎర్రగా మెరుస్తోంది. నరికిన చెయ్యి మైనంతో చేసిందని తెలిసిపోతోంది, అయినా దాన్ని తిప్పి తిప్పి చూపించారు. ఒళ్లు గగుర్పొడిచేంత శుభ్రంగా ఉంది. ఆ సీను వచ్చింది. ఆ సాగదీత, ఆ సంగీతం వాళ్లవే, వాళ్లను నేను వెనకేసుకు రాను. కానీ ఆమె మొహం దగ్గరగా లేదు. కెమెరా గుమ్మం బయటే ఆగింది. ఆమె గది మూలన, సగం చీకట్లో ఉంది. వెనక్కి తిప్పి మళ్లీ చూశాను. లేదు.

అప్పుడు అర్థమైంది. పెళ్లిలో అప్పగింతలప్పుడు పెళ్లికూతురు ఏడిస్తే కెమెరా మొహం మీదికి పోవాలి. కన్నీళ్లు పడకపోతే ఆడపెళ్లివాళ్లు వీడియో బాగాలేదంటారు. ఆ అలవాటు నా బొటనవేలికి ఎంత పట్టిందంటే, చీకటి హాల్లో తెర మీద ఒక ఆడది ఏడవగానే వేలు దానంతటదే జూమ్ మీదికి పోయింది. ఊరు ఎగబడి చూసిన ఆ మొహం నేను ఇచ్చింది. కటౌట్ ముందు కాక మొహం కూడా నేను ఇచ్చిందే. నా చెయ్యి చూస్తే నాకే కంపరం పుట్టింది.

ఆ వారమే ఆసిఫాబాద్ వెళ్లాను. బావమరిది టెంట్ హౌస్‌లో అతని పక్కనే కూర్చుని కాక మైకుల వైర్లు చుడుతున్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. పెళ్లిళ్ల వీడియో తీసేవాణ్నని చెప్పి, ఆ ప్రింటు తీసింది నేనేనన్నాను. ఆయన వైరు చుట్టడం ఆపలేదు. చుడుతూనే అన్నాడు.

"నేను గేటుకాడ టికెట్లు చింపెటోని మీద అనుమానపడ్డ. వాడే కెమెరాను లోపలికి తోలిండనుకున్న. మల్ల వానితోని మాట్లాడలే. వాడు సచ్చిపోయిండని తెలిసినా పోలే."

నేను ఏదో అనబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకు చెప్తె ఏమస్తది? మా ఇంటామె ఇప్పటికి గూడ నేనే తీసిన్ననుకుంటది. నోటితోని అనది. ఆమెకు చెప్పు."

ఇల్లు వెనకే ఉంది. ఆమె గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. బావమరిది కూడా లేచి మా వెనకాలే వచ్చాడు. కాక నా పక్కన కాకుండా వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాడు. నేను చెప్పులు విడిచి చేతులు జోడించాను.

"చిన్నమ్మా, కాక ఏ తప్పు చెయ్యలే. సిన్మను కెమెరాల తీసింది నేను. ఆయన్ను కొడ్తుంటె గూడ నేనే తీసిన, ఒక్క మాట చెప్పలే. మిమ్ముల ఊరు ఇడిసిపెట్టిచ్చింది నేను. మాఫ్ చెయ్యుండ్రి."